పంచినవాడే చిత్రించెను: సికింద్రాబాదు శ్యామ్ బెనెగల్

పంచుకొనుట మనవారికి క్రొత్త విద్య కాదు. ఒక ఇంట దినపత్రిక తెప్పించినచో సాయంకాలమునకు అది నాలుగిండ్లు తిరిగి వచ్చును. ఒకరు కొన్న నవల పదిమంది చేతులలో నలిగి, అట్ట ఊడి, తుదకు ఎవరిదో తెలియని స్థితికి చేరును. ఊరికొక్క రేడియో ఉన్న దినములలో పంచాయతీ కార్యాలయపు అరుగే శ్రోతల సభగా నుండెడిది. చదివినది, విన్నది, చూచినది ఒంటరిగా దాచుకొనుట మన స్వభావము కాదు.

ఈ స్వభావమే నేడు యంత్రముల చేతబడి మహాప్రవాహమైనది. ఒక యువకుడు తన గదిలో కూర్చుండి ఒక వెబ్‌సైటు నెలకొల్పును. ఎక్కడెక్కడివారో తమకడ నున్న పాటలను, చిత్రములను అందులో నుంచి ఒకరికొకరు మార్చుకొందురు. కొన్ని యేండ్లు గడచునప్పటికి ఇతరులు తీసినవి పంచుటతో ఆ యువకునికి తృప్తి తీరదు. తానే కెమేరా చేతబట్టి వీడియోలు తీయనారంభించును. పంచినవాడే చిత్రించువాడగుట తమ కాలమునకే చెందిన కథ యని నేటి యువకులు తలంచుచున్నారు.

కాని ఈ కథ సికింద్రాబాదు బిడ్డ యొకని జీవితమున ఏడు దశాబ్దముల క్రిందటనే ఒకమారు నడచినది. అప్పటికి వెబ్‌సైటు లేదు, ఇంటర్నెట్టు లేదు. ఫిలిము రేకుపెట్టెలలో చుట్టబడి రైలుబండిలో వచ్చెడిది. ఆ పెట్టెలను తెప్పించి, పదిమందిని పిలిచి, లోకమందలి మేలిచిత్రములను చూపించుటకు ఒక సంఘమును స్థాపించిన కళాశాలా విద్యార్థి, తరువాత తానే చిత్రములు తీసి దేశదేశముల పేరు గాంచెను. ఆయన శ్యామ్ బెనెగల్. 1934 డిసెంబరు 14వ తేదీన సికింద్రాబాదు తిరుమలగిరిలో జన్మించి, తొంబదవ జన్మదినము జరిగిన తొమ్మిది దినములకు, 2024 డిసెంబరు 23వ తేదీన బొంబాయిలో కన్నుమూసిరి. ఆయన జీవితము నేటి యువకునికి ఎందుకు పనికివచ్చునో చూపుటయే ఈ వ్యాసపు ఉద్దేశము.

తిరుమలగిరి బాలుడు

సికింద్రాబాదు పుట్టుకయే విచిత్రమైనది. 1798లో నిజాము ఈస్టిండియా కంపెనీతో చేసికొన్న సైన్యసహకారపు ఒడంబడిక ఫలముగా హుస్సేన్‌సాగరమునకు ఉత్తరమున ఆంగ్లసైన్యము విడిసినది. 1806లో ఆ విడిది ప్రదేశమునకు సికందర్ జా పేర సికింద్రాబాదని నామకరణము జరిగినది. సైన్యమునకు కావలసిన సరకులు సమకూర్చు వర్తకులు, గుమాస్తాలు, వైద్యులు, ఛాయాగ్రాహకులు నలుదిక్కుల నుండి వచ్చి చేరిరి. కనుకనే ఆ వీధులలో తెలుగు, ఉర్దూ, తమిళము, మరాఠీ, కన్నడము, కొంకణి, ఆంగ్లము ఒకదానినొకటి ఒరసికొనుచు వినబడెడివి.

శ్యామ్ బెనెగల్ తండ్రి శ్రీధర్ బి. బెనెగల్ కర్ణాటకము నుండి వచ్చిన కొంకణి కుటుంబీకుడు, వృత్తి ఛాయాగ్రహణము. ఇంట కెమేరా ఆటవస్తువువలె కంటికెదుట నుండుటయే ఆ బాలుని భాగ్యము. పండ్రెండవ యేట తండ్రి ఇచ్చిన కెమేరాతో ఆయన తన తొలి చిత్రమును తీసిరి. ప్రసిద్ధ దర్శకుడు గురుదత్ ఈ కుటుంబమునకు బంధువు. గురుదత్ మాతామహియు, శ్యామ్ బెనెగల్ పితామహియు అక్కచెల్లెండ్రు. చిత్రములు తీయుట మానవమాత్రులకు సాధ్యమైన పనియే అను ధైర్యము బాలునికి ఇంటనే కలుగుటకు ఇంతకంటె ఏమి కావలెను?

కంటోన్మెంటులో సైనికుల కొరకు చిత్రములు ప్రదర్శించు హాలు ఉండెడిది. హైదరాబాదు నగరపు హాళ్లలో ఒకే హిందీ చిత్రము వారముల తరబడి ఆడుచుండగా, సైనికుల హాలులో చిత్రములు త్వరత్వరగా మారుచు అమెరికా, ఇంగ్లండు చిత్రములనేకము వచ్చెడివి. తిరుమలగిరిలో పెరిగిన పిల్లవానికి లోకమంతయు ఆ తెల్లని తెరపై పరచుకొన్నది.

ఆ తెరకు వెలుపల మరియొక లోకము నడచుచుండెను. కంటోన్మెంటు సరిహద్దు దాటినచో నిజాము రాజ్యము. అందు దొరలు, దేశముఖులు, పటేలు పట్వారీలు, వెట్టిచాకిరి. 1946 నుండి తెలంగాణమున రైతులు తిరుగబడిరి. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలసినప్పుడు శ్యామ్ బెనెగల్‌కు పదునాలుగవ యేడు నడుచుచుండెను. తెరమీది లోకమును, తెర వెలుపలి లోకమును ఒకే కంటితో చూచిన బాలుడు ఈ రెండింటిని ఎప్పుడో ఒకనాడు కలుపక మానడు. కాని అందుకు చాలకాలము పట్టినది. మధ్యలో ఆయన పంచుట నేర్చుకొనవలసి వచ్చెను.

రేకుపెట్టెలలో వచ్చిన లోకము

ఉస్మానియా విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము అభ్యసించుచున్న దినములలో ఆయన హైదరాబాదు ఫిలిం సొసైటీని నెలకొల్పిరి. నేటి పాఠకులకు ఫిలిం సొసైటీ యనగా నేమో కొంచెము వివరింపవలెను. మనదేశమున ఈ ఉద్యమమునకు బలము చేకూర్చినది 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా మున్నగువారు స్థాపించిన కలకత్తా ఫిలిం సొసైటీ. 1952లో భారతదేశమున తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవము జరిగినది. ఇటలీ దేశపు ‘బైసికిల్ థీవ్స్’ వంటి చిత్రములను మనవారు అప్పుడు చూచి ఆశ్చర్యపడిరి. 1959లో ఈ సొసైటీలన్నియు కలసి ఒక సమాఖ్యగా నేర్పడినవి; రాయ్ దానికి అధ్యక్షుడయ్యెను.

సొసైటీ పని చూచుటకు చిన్నది, చేయుటకు పెద్దది. సభ్యుల చందాలతో ఒక హాలు అద్దెకు తీసికొనవలెను. విదేశ రాయబార కార్యాలయముల నుండియో, ఇతర సొసైటీల నుండియో చిత్రములు అడిగి తెప్పింపవలెను. ముప్పదియైదు మిల్లీమీటర్ల ఫిలిము నిమిషమునకు తొంబది అడుగుల చొప్పున పరుగెత్తును; రెండు గంటల చిత్రమునకు పదివేల అడుగులకు పైగా ఫిలిము కావలెను. అంత బరువు మోయలేనివారు పదునారు మిల్లీమీటర్ల ప్రతులతో తృప్తిపడెడివారు. అది నిమిషమునకు ముప్పదియారు అడుగులే. ప్రొజెక్టరును చేతబట్టుకొని వెళ్లవచ్చును. చిత్రము ముగిసిన పిమ్మట దీపములు వెలిగించి, చూచినదానిని గురించి వాదించుకొనెడివారు. ఆపైన ఫిలిమును వెనుకకు చుట్టి, పెట్టెలలో భద్రపరచి, వచ్చిన చోటికో, తరువాతి ఊరికో పంపవలెను. ఒక ఊరివారు ఫిలిము చించినచో మరునాటి ఊరివారికి చిత్రము లేదు. ఈ బాధ్యతయే సొసైటీలకు నీతిశాస్త్రము.

శ్యామ్ బెనెగల్ మంచి ఈతగాడు. ఈతపోటీకై కలకత్తా వెళ్లినప్పుడు అక్కడ 1955లో విడుదలయిన రాయ్ చిత్రము ‘పథేర్ పాంచాలి’ చూచు అవకాశము లభించినది. తన ఊరి మాటను, తన ఊరి మట్టిని విడువకయే లోకము మెచ్చు చిత్రము తీయవచ్చునని ఆ చిత్రము ఋజువు చేసినది. మంచి చిత్రము చూచినవానికి దానిని మరియొకరికి చూపవలెనను కోరిక పుట్టును. చాలమందికి చూపినవానికి తానును ఒకటి తీయవలెనను కోరిక పుట్టును. మొదటి కోరిక నుండి రెండవ కోరికకు పోవు త్రోవలో ఆయన పొందిన శిక్షణయే హైదరాబాదు ఫిలిం సొసైటీ.

ప్రకటనల పాఠశాల

కోరిక పుట్టినంతమాత్రమున చిత్రము పుట్టదు. కళాశాలా దినముల నుండియే ఆయన మనస్సులో ఒక కథ మెదలుచుండెను. హైదరాబాదు ప్రాంతమున నిజముగా జరిగిన ఒక సంఘటన దానికి మూలము. దానిని చిత్రముగా తీయుటకు డబ్బు పెట్టువారు దశాబ్దమునకు పైగా దొరకలేదు. ఈ కాలమున ఆయన చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. బొంబాయి చేరి 1959లో లింటాస్ అను ప్రకటనల సంస్థలో ప్రకటనలకు మాటలు వ్రాయు ఉద్యోగమున ప్రవేశించిరి. 1962లో గుజరాతీ భాషలో ‘ఘేర్ బేఠా గంగా’ అను తమ మొదటి డాక్యుమెంటరీ తీసిరి. ఇంటి ముంగిటికే గంగ వచ్చినదని ఆ పేరునకు భావము. ఆయన తీసిన ప్రకటన చిత్రములు, డాక్యుమెంటరీలు కలిపి తొమ్మిదివందలకు పైబడినవని లెక్క.

ప్రకటన చిత్రమును చులకనగా చూచువారు గలరు. అరనిమిషములో ఒక మనిషిని, ఒక ఇంటిని, ఒక కోరికను చూపవలసినప్పుడు ఒక్క దృశ్యమును కూడ వ్యర్థపుచ్చుటకు వీలులేదు. నేడు నిమిషము నిడివి గల వీడియోలు తీయుచున్న మన యువకులు చేయుచున్న సాధన కూడ ఇట్టిదే. ఈ సాధనను ఒక పెద్ద కథ కొరకు దాచుకొనుట తెలిసినవారు మాత్రము కొందరే.

1966 నుండి 1973 వరకు ఆయన పుణెలోని ఫిలిం ఇన్‌స్టిట్యూటులో పాఠములు చెప్పిరి. హోమీ భాభా ఫెలోషిప్పుపై అమెరికా వెళ్లి, న్యూయార్కున బాలల టెలివిజన్ సంస్థలోను, బోస్టనులోని డబ్ల్యు.జి.బి.హెచ్. కేంద్రములోను పనిచేసిరి. ఆ అనుభవము త్వరలోనే అక్కరకు వచ్చినది. 1975 ఆగస్టు నుండి ఒక సంవత్సరముపాటు అమెరికా ఉపగ్రహము ఏ.టి.ఎస్.-6 సహాయమున మన అంతరిక్ష పరిశోధన సంస్థ ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు టెలివిజన్ కార్యక్రమములను ప్రసారము చేసెను. వానిలో ఆంధ్రప్రదేశ్ గ్రామములును గలవు. గ్రామీణ బాలల కొరకు విద్యాబోధక చిత్రములను సమకూర్చినవారిలో శ్యామ్ బెనెగల్ ఒకరు. ఒక రేకుపెట్టె ఒక ఊరికి పోవుటకు మారుగా, ఒక్క చిత్రము ఒకే క్షణమున వేల ఊళ్లలో వాలుట మనదేశము మొదట చూచినది అప్పుడే.

అంకురము

తుదకు డబ్బు పెట్టినవారు ఎవరో గమనింపదగినది. దేశమందలి సినిమాహాళ్లకు ప్రకటన చిత్రములను పంపిణీ చేయు బ్లేజ్ సంస్థ ముందునకు వచ్చినది. ‘అంకుర్’ చిత్రము 1973లో సిద్ధమై 1974లో ప్రజల యెదుటకు వచ్చినది. చిత్రీకరణము జరిగినది హైదరాబాదు సమీపమున నుండిన ఎల్లారెడ్డిగూడ గ్రామములో. ఆ గ్రామము నేడు మహానగరమున కలసిపోయినది.

కథ క్లుప్తముగా ఇది: పట్టణమున చదివిన భూస్వామి కుమారుడు పొలము చూచుకొనుటకు పల్లెకు వచ్చును. ఆ ఇంట పనిచేయు లక్ష్మి అను దళిత స్త్రీ భర్త కిష్టయ్య చెవిటి మూగ. యువకుడు లక్ష్మిని చేరదీయును. ఆమె గర్భవతి కాగా బాధ్యతకు వెరచి ముఖము చాటువేయును. తుదకు తన భయమును కోపముగా మార్చి, నిర్దోషియైన కిష్టయ్యను కొరడాతో కొట్టును. చివరి దృశ్యమున ఒక పసివాడు దొర ఇంటి కిటికీపై రాయి విసరి పరుగెత్తును. అంతకంటె వ్యాఖ్య లేదు. లక్ష్మిగా నటించిన షబానా ఆజ్మీ వెండితెరకు పరిచయమైనది ఈ చిత్రముతోనే. ఆమెకును, కిష్టయ్యగా నటించిన సాధు మెహర్‌కును జాతీయ బహుమతులు లభించినవి. పాత్రలు మాటలాడినది బొంబాయి చిత్రముల హిందీ కాదు. హైదరాబాదు వీధుల దక్కనీ మాట.

మరుసటి యేట ‘నిశాంత్’ వచ్చినది. 1945 ప్రాంతపు తెలంగాణ గ్రామమున జమీందారు సోదరులు ఉపాధ్యాయుని భార్యను ఎత్తుకొనిపోవుదురు. పోలీసులు, అధికారులు ఎవరును ఆ ఉపాధ్యాయుని మొర వినరు. ఊరు తిరుగబడినప్పుడు ఆ ఆగ్రహము దోషిని, నిర్దోషిని వేరుచేయదు. విజయ్ తెండూల్కర్ రచించిన ఈ చిత్రము కాన్ చిత్రోత్సవపు పోటీలో పాల్గొన్నది. కంటోన్మెంటు సరిహద్దు కవతల బాలుడు చూచిన లోకము ముప్పదియేండ్ల తరువాత తెరకెక్కినది.

రెండు రూపాయల నిర్మాతలు

పంచుట యను మాటకు శ్యామ్ బెనెగల్ జీవితము ఇచ్చిన గొప్ప అర్థము 1976లో వెలువడిన ‘మంథన్’ చిత్రమున కలదు. గుజరాతు పాల సహకార సంఘముల కథ అది. పెద్ద చిత్రమునకు డబ్బెవ్వరిత్తురు? సహకారోద్యమ నాయకుడు వర్గీస్ కురియన్ ఒక ఉపాయము చెప్పెను. ఐదు లక్షలమంది పాడిరైతులు తమ పాల సొమ్ములో తలా రెండు రూపాయలు విడిచిరి. పది లక్షల రూపాయలు సమకూరెను. ఐదు లక్షలమంది గుజరాతు రైతులు సమర్పించు చిత్రమని తెరపై మొదట కనబడును. విడుదలయైన పిమ్మట ఆ రైతులు లారీలు కట్టించుకొని పట్టణములకు వచ్చి తమ చిత్రమును తాము చూచికొనిరి. తరువాత దాని పదునారు మిల్లీమీటర్ల ప్రతులు ఇతర రాష్ట్రముల పల్లెలకు వెళ్లినవి. చిత్రము వెంట పశువైద్యుడు, పాల సాంకేతికుడు, పశుగ్రాసపు నిపుణుడు వెళ్లెడివారు. చిత్రము చూచిన ఊరిలో సంఘము పెట్టుటకు వారు తోడ్పడెడివారు.

ఇందలి క్రమమును పాఠకులు పరిశీలింపవలెను. సాధారణముగా ఒకరు చిత్రము తీయుదురు, తరువాత లోకులు దానిని పంచుకొందురు. ఇక్కడ మొదట ఖర్చును పంచుకొనిరి, పిమ్మట చిత్రమును పంచుకొనిరి. ఖర్చు పంచుకొన్నవానికి చిత్రమును దొంగిలింపవలసిన అవసరము లేదు; అది వాని సొత్తే. ఇట్టి మార్గమునే ఆయన మరల అనుసరించి, పోచంపల్లి చేనేతవారి జీవితముపై 1987లో ‘సుస్మన్’ చిత్రమును చేనేత సహకార సంఘముల ఆధారమున తీసిరి. 1951లో వినోబా భావే భూదానోద్యమము మొదలుపెట్టినది ఆ పోచంపల్లిలోనే. భూమిని పంచుటకు పేరుపొందిన ఊరి మగ్గములు, పంచుకొన్న పెట్టుబడితో తెరకెక్కినవి.

పంపకమా, అపహరణమా?

ఇప్పుడు మన కాలమునకు రావలెను. 1999లో అమెరికాలో షాన్ ఫానింగ్ అను పదునెనిమిదేండ్ల విద్యార్థి నాప్‌స్టర్ అను ఏర్పాటును లోకము మీదికి వదలెను. ఎవరి కంప్యూటరులో ఏ పాట ఉన్నదో అది జాబితా వ్రాసి చూపును. అడిగినవారు నేరుగా ఆ కంప్యూటరు నుండి తీసికొందురు. సంగీత సంస్థలు వ్యాజ్యము వేసినవి. 2001 జూలైలో అది మూతబడెను. ఆ సంవత్సరమే బ్రామ్ కోహెన్ బిట్‌టారెంటు అను మరియొక పద్ధతిని వెలువరించెను. అందు దస్త్రము ముక్కలుగా విడిపోవును. ఒక ముక్క అందుకొన్నవాడు తక్షణమే దానిని ఇతరులకు ఇచ్చువాడగును. మన పెండ్లిండ్లలో తొలిబంతిని తిన్నవారే లేచి రెండవ బంతికి వడ్డించినట్లు! తినువారు పెరిగినకొలది వడ్డించువారును పెరుగుదురు. 2005లో యూట్యూబు వచ్చినది. దాని స్థాపకులలో నొకడైన జావెద్ కరీం జంతుప్రదర్శనశాలలో ఏనుగుల యెదుట నిలిచి మాటలాడిన పందొమ్మిది సెకండ్ల వీడియోయే అందు చేరిన మొదటిది. పంచు స్థలమును కట్టినవాడే అందు మొదటి బొమ్మయు పెట్టెను.

ఈ పద్ధతులకును, ఫిలిం సొసైటీ రేకుపెట్టెకును ఒక ముఖ్యభేదము కలదు. పెట్టెను తిరిగి పంపవలెను. అది అడిగి తెచ్చుకొన్నది. దస్త్రము అట్లు కాదు. తీసికొన్నను ఇచ్చినవాని కడ తరుగదు. తరుగదు గనుక దొంగతనముగా తోచదు. కాని చిత్రము కొరకు ఇల్లు తాకట్టు పెట్టినవానికి, రాత్రింబవళ్లు దీపములు మోసిన కూలికి అది తరుగుదలయే. అందుచేతనే 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టమును సవరించి, అనుమతి లేక చిత్రమును నకలు చేసి ప్రదర్శించువారికి మూడు నెలలకు తక్కువ కాని, మూడేండ్ల వరకు పొడిగింపదగిన కారాగారవాసమును, మూడు లక్షల రూపాయలకు తక్కువ కాని జరిమానాను విధించిరి. జరిమానా చిత్రనిర్మాణ వ్యయములో నూటికి ఐదు వంతుల వరకు పోవచ్చును.

చట్టము చెప్పినది న్యాయమే. అయినను రెండవ వైపును విస్మరింపరాదు. పంచక దాచినవి కూడ నశించును. 1932లో వెలువడిన మన తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’ ప్రతి నేడు చూచుటకు లభించుట లేదు. ఎక్కడనో ఒక ఊరి సొసైటీ అలమారులో ఒక ప్రతి మిగిలియున్నచో ఎంత బాగుండెడిది! ‘మంథన్’ చిత్రమును ఫిలిం హెరిటేజ్ ఫౌండేషన్ పునరుద్ధరింపగా 2024 మే నెలలో కాన్ చిత్రోత్సవమున ప్రదర్శించిరి. నెగటివును ఎవరో దాచియుంచుట వలననే అది సాధ్యమైనది. అనుమతిగల పంపకము, శ్రద్ధగల భద్రత, ఈ రెండును కలిసినప్పుడే చిత్రము బ్రదుకును.

తిరిగిరాని కథ

ఇంత చెప్పిన పిమ్మట తెలుగువారు తమలో తాము అడుగుకొనవలసిన ప్రశ్న యొకటి మిగిలినది. ‘అంకుర్’, ‘నిశాంత్’, ‘సుస్మన్’, హైదరాబాదు చెంత గ్రామపు బావి కథయైన ‘వెల్‌డన్ అబ్బా’ (2010) - ఇవన్నియు మన నేల కథలు. బెర్లిన్, కాన్ నగరములలో మన కిష్టయ్యను చూచినవారున్నారు. ఎల్లారెడ్డిగూడలోనే ఎందరు చూచిరి? ఆయన తెలుగున తీసిన కథాచిత్రము 1978 నాటి ‘అనుగ్రహం’ ఒక్కటే. మరాఠీ రచయిత ఖానోల్కర్ నవల ఆధారమున హిందీలో ‘కొండురా’గా, తెలుగులో ‘అనుగ్రహం’గా ఏకకాలమున రూపొందిన ఆ చిత్రమున అనంత్ నాగ్, వాణిశ్రీ నటించిరి. దానినైనను మనవారు గుర్తుంచుకొన్నది తక్కువ.

ఇందు దోషము ఆయనదని చెప్పుటకు వీలులేదు. ఆయన పెరిగిన ఇల్లు కొంకణి, వీధి దక్కనీ, బడి ఆంగ్లము. డబ్బు దొరికినది బొంబాయిలో. తెలంగాణ పల్లె కథను నాడు తెలుగులో తీయుటకు పెట్టుబడి పెట్టు ధైర్యము మన నిర్మాతలలో ఎందరికి ఉండెను? తన ఊరి మట్టిని తన ఊరి మాటలో చూపవచ్చునని ‘పథేర్ పాంచాలి’ నేర్పిన పాఠములో మట్టి మాత్రము తెరకు వచ్చినది. తెలుగు మాట వెనుకబడినది. ఆ లోటును తీర్చు భారము తరువాతి తరమువారిది. నేడు సెల్‌ఫోను గల ప్రతి యువకుడు తెలంగాణ యాసలో, రాయలసీమ యాసలో, ఉత్తరాంధ్ర యాసలో తన ఊరిని తీసి లోకమునకు చూపుచున్నాడు. ఒకనాడు యాసను హాస్యపాత్రకు మాత్రమే కేటాయించిన తెర నేడు దానికి పీట వేసినది. ఇది చిన్న మార్పు కాదు.

యువకులకు ఒక మాట

శ్యామ్ బెనెగల్ కీర్తి పట్టిక పెద్దది. 1976లో పద్మశ్రీ, 1991లో పద్మభూషణ్, 2005 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము, 2006 నుండి 2012 వరకు రాజ్యసభ సభ్యత్వము. 1988లో నెహ్రూ గ్రంథము ఆధారముగా దూరదర్శన్ కొరకు యాబదిమూడు భాగముల ‘భారత్ ఏక్ ఖోజ్’. 2014లో రాజ్యాంగ రచనపై పది భాగముల ‘సంవిధాన్’. ఎనుబదియెనిమిదవ యేట కూడ, 2023లో, ఆయన చిత్రము విడుదలయైనది. వీనినన్నిటిని అనుకరింపుమని ఏ యువకునికిని చెప్పలేము. కాని ఆయన తొలి యడుగును అనుకరించుట అందరికి సాధ్యమే.

ఆయన కాలమున తండ్రి కెమేరా ఒకచోట, రేకుపెట్టెలు ఒకచోట, పంపిణీ సంస్థ ఒకచోట నుండెడివి. ఈ మూటిని కలుపుటకు ఆయనకు పాతికేండ్లు పట్టినది. నేడు మూడును ఒక్క జేబులో ఇముడుచున్నవి. అయినను ఆ పాతికేండ్లలో ఆయన సంపాదించినది జేబులో ఇమిడెడిది కాదు. పదిమందితో కూర్చుండి ఒక చిత్రమును మొదటి నుండి తుదివరకు నిశ్శబ్దముగా చూచుట, చూచినదానిని గురించి మర్యాదగా కలహించుట, ఎరువు తెచ్చినదానిని చెక్కుచెదరకుండ తిరిగి అప్పగించుట, ఎవరి కథ తీయుచున్నామో వారిని చిత్రములో భాగస్వాములను చేయుట, ఇవి ఆయన సంపాదన. ఒంటరిగా గదిలో కూర్చుండి వేయి చిత్రములు దింపుకొన్నవానికి ఇవి దొరకవు.

సికింద్రాబాదులోను, మన ప్రతి పట్టణములోను కళాశాలలున్నవి, ఖాళీగా నున్న తరగతి గదులున్నవి, ఆదివారపు సాయంకాలములున్నవి. ఒక గోడకు తెల్లని దుప్పటి కట్టి, అనుమతి గల మంచి చిత్రమును చూపుటకు నేడు పెద్ద ఖర్చు లేదు. పదిమంది సభ్యులు, నెలకొక చిత్రము, ఆపైన ఒక గంట చర్చ ఉన్నచో చాలును. ఆ పదిమందిలో ఒకడు ఇంటికి పోవుచు తన వీధిని క్రొత్తగా చూచినచో, తన పొరుగున నున్న కిష్టయ్య వాని కంటబడినచో, సొసైటీ పెట్టినవాని శ్రమ ఫలించినట్లే.